నాలుగో గంప దగ్గర ఆగిన కథ

మా అమ్మాయి చిలకలూరిపేటలో నూలు మిల్లులో పని చేస్తుంది. రెండేళ్ళ కిందట తను కొత్త ఫోను కొనుక్కుని పాతది నాకిచ్చింది. "షిఫ్టు దిగాక నీ మొహం చూడాలనిపిస్తుందమ్మా, ఇది దగ్గర పెట్టుకో" అంది. నేను చదివింది మూడో తరగతి. కూడబలుక్కుని చదువుతాను గానీ, బస్సు మీద ఊరి పేరు చదివేలోపు బస్సు వెళ్ళిపోతుంది. ఇది నాకేం పట్టుబడుతుందిలే అనుకున్నాను. తీరా చూస్తే దానికి చదువుతో పనే లేదు. బొటనవేలు ఒక్కటుంటే చాలు.

ఆ అద్దం మీద ఎవరో ఒకావిడ మట్టిపొయ్యి మీద చేపల పులుసు పెడుతూ ఉంటుంది. అది కుతకుతమనేలోపే ఇంకొకావిడ చీరలు పరుస్తుంది. ఆ అంచు సరిగ్గా చూశామో లేదో, ఒక గేదె దూడ మేడ మెట్లెక్కుతుంది. ఎందుకెక్కిందో చెప్పరు, ఎలా దిగిందో చెప్పరు. దూడ దిగిందా లేదా అని నాకు మనసులో పీకుతూనే ఉంటుంది. ఇంతలో ఇంకోటి వస్తుంది. అలా చూస్తూ చూస్తూ రెండుసార్లు అన్నం మాడగొట్టాను. మా ఆయన కంచం ముందు పెట్టుకుని, "ఏమే, ఆ ఫోనులో పులుసు అయిందా? అయితే ఒక గరిటె ఇటు కూడా వెయ్యి" అనేవాడు. ఒక ఆదివారం చర్చిలో అందరం కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉంటే, నా సంచిలోంచి "అక్కలూ, ఈ చీర చూడండి" అని పెద్దగా అరిచింది. పాస్టరమ్మగారు ఒక కన్ను తెరిచి నావైపు చూసి మళ్ళీ మూసుకున్నారు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే. అయినా మానలేదు.

మానడానికి వేరే కారణం వచ్చింది. అది చెప్పాలంటే ముందు మా అత్త గురించి చెప్పాలి.

మా ఊళ్ళో మిరప కోతలయ్యాక కాయని కల్లంలో ఎండబోస్తారు. కల్లమంటే పొలం పక్కన చదును చేసిన నేల. పట్టాలు పరిచి పోస్తే ఎర్రటి దుప్పటి ఆరేసినట్టుంటుంది. కాయ ఎండాక ఆడవాళ్ళం వరసగా కూర్చుని తాలు ఏరతాం. రంగు పోయి తెల్లబడ్డ కాయని తాలు అంటాం. పెద్ద కుప్పలోంచి ఒక గంపెడు తెచ్చి ముందు పోసుకోవాలి, మంచి కాయ కుడివైపు, తాలు ఎడమవైపు వెయ్యాలి, అయిపోగానే లేచి ఇంకో గంప తెచ్చుకోవాలి. ముక్కుకి గుడ్డ కట్టుకున్నా తుమ్ములు ఆగవు. ఆ తుమ్ముల మధ్యనే మా అత్త తన కథ చెప్పేది.

అది తప్పిపోయిన గేదె కథ. ఒక కోడలు గేదెని మేతకి తోలుకెళ్ళి కాస్త ఏమరుపాటున ఉంటే అది కనబడకుండా పోయింది. గేదె లేకుండా ఇంటికి రాలేదు కదా. ఏడూళ్ళు తిరుగుతుంది. ప్రతి ఊళ్ళో ఎవరో ఒకరు, "ముందు మా పని చేసిపెట్టు, తరవాత చెప్తాం" అంటారు. మొదటి ఊళ్ళో గడ్డి వామి వెయ్యమంటారు. రెండో ఊళ్ళో నీళ్ళు తోడమంటారు. మూడో ఊళ్ళో ఏడుస్తున్న బిడ్డని ఊపమంటారు. అలా ఏడో ఊళ్ళో గేదె దొరుకుతుంది, పక్కన దూడతో సహా. మా అత్త గంపకి ఒక ఊరు చొప్పున చెప్పేది. గంప అయిపోయేలోపు ఊరు అయిపోకూడదు, ఊరు అయిపోయేలోపు గంప అయిపోకూడదు. ఆ లెక్క ఆమెకి చేతుల్లోనే ఉండేది. ఆమె పోయాక ఆ కథ నాది అయింది. ఊళ్ళో ఇంకెవరికీ రాదు. ఏటా కల్లంలో నేను చెప్పాల్సిందే.

అయితే ఈ రెండేళ్ళూ ఎవరూ అడగలేదు. ఒకరి పక్కన ఫోనులో పాట, ఇంకొకరి పక్కన సీరియలు, నా పక్కన నా దూడ. నేనూ చెప్పలేదు.

మొన్న కోతల కాలంలో మా పక్కింటికి అద్దంకి నుంచి కొత్త కోడలు వచ్చింది. మొదటి రోజే కల్లంలో నా పక్కన చేరి, "అత్తమ్మా, మీరు గేదె కథ చెప్తే ఎండ తెలీదంట గదా, మా అత్త చెప్పింది. నాకూ చెప్పరా?" అంది. నేను పొంగిపోయాను. చేతిలో కాయ కింద పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుని, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వరసలో అందరూ పాటలు ఆపారు. మొదలుపెట్టాను. మొదటి ఊరు, రెండో ఊరు, మూడో ఊరు చకచకా నడిచాయి. "అక్కణ్ణించి నాలుగో ఊరు వెళ్ళింది" అన్నాను.

ఆగిపోయాను.

నాలుగో ఊళ్ళో ఏం పని చెప్పారు? రాలేదు. వెనక్కి వెళ్ళి మూడో ఊరు మళ్ళీ చెప్పాను, బిడ్డని మళ్ళీ ఊపాను. అయినా రాలేదు. పక్కింటావిడ, అంటే ఆ పిల్ల అత్త, "ఏంది వదినా ఆగిపోయావ్? సిగ్నలు లేదా?" అంది. వరసంతా ఘొల్లున నవ్వారు. ఇంకొకావిడ, "చేతులు పైకెత్తి చూడు, టవరు అందుతుందేమో!" అంది. నేనూ నవ్వాను గానీ లోపల చల్లబడిపోయాను. పెళ్ళిళ్ళలో ఎవరికి ఏ చీర పెట్టారో, ఎవరి బిడ్డ ఏ వానలో పుట్టాడో ఊరు ఊరంతా వచ్చి నన్నడుగుతుంది. చదువు లేనిదానికి నాకున్నది ఆ జ్ఞాపకం ఒక్కటే. మా అత్త ఇచ్చిన కథని నేనే పోగొట్టానంటే, అది ఇక ఈ భూమ్మీద ఎక్కడా లేనట్టే.

అన్నాల వేళకి ఎవరూ చూడకుండా గడ్డి వామి వెనక్కి వెళ్ళి ఫోను తీశాను. అందులో మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే జవాబు చెప్తుందని అమ్మాయి నేర్పింది. "గేదె తప్పిపోయిన కథలో నాలుగో ఊళ్ళో ఏమైంది?" అని అడిగాను. గేదెలకి పొద్దున ఎంత దాణా పెట్టాలో చెప్పింది. ఇంకోసారి గట్టిగా అడిగాను. పాలలో వెన్న శాతం చెప్పింది.

సాయంత్రం ఇంటికెళ్ళి చేతులకి పుల్లటి మజ్జిగ రాసుకుని, సున్నిపిండితో రుద్ది, తలారా నీళ్ళు పోసుకున్నాను. కారం చేతులు కళ్ళకి తగలకూడదని మాకు పుట్టుకతోనే తెలుసు. నలభై ఏళ్ళుగా కల్లానికి వెళ్తున్నాను, ఏనాడూ కళ్ళు నలుపుకోలేదు. శుభ్రంగా తయారై, మంచం మీద కూర్చుని, అలవాటు చొప్పున ఫోను తీసి కాసేపు దాని మీద వేలు ఆడించి, కంట్లో నలక పడిందనిపిస్తే ఇలా రుద్దుకున్నాను. అంతే. నిప్పు పెట్టినట్టయింది. చేతులైతే కడిగాను గానీ ఫోను కడగలేదు కదా! మధ్యాహ్నం నొక్కిన కారమంతా ఆ అద్దం మీదే ఉంది.

మా ఆయన చెంబుతో నీళ్ళు కొడుతూ, "మిరపకాయ కల్లంలో ఉండాలిగానీ ఫోనులో ఎందుకుందే?" అని ఒకటే నవ్వు.

"నవ్వితే ఇదే ఫోను నీ కళ్ళకి రాస్తా. కొట్టు నీళ్ళు!"

"గేదె దొరికిందా మరి? కల్లంలో కథ మొదలుపెట్టావంటగా."

నాకు ఏడుపొచ్చింది. కారానికో కథకో నాకే తెలియలేదు. అప్పుడు చెప్పాను, నాలుగో ఊరు పోయిందని. మా ఆయన నవ్వు ఆపాడు. అది వాళ్ళమ్మ కథ. "నేను వినేవాణ్ణి గానీ గేదె దొరికేదాకా ఎప్పుడూ మెలకువగా లేను" అన్నాడు. తడిగుడ్డతో ఫోను తుడిచి బియ్యం డబ్బాలో పెట్టాడు. "కోతలయ్యేదాకా దాని చోటు అదే. అమ్మాయి ఫోను చేసే వేళకి నేనే తీసిస్తా."

మొదటి రెండు రోజులూ బొటనవేలు దానంతటది ఆడేది. కల్లంలో మిరపకాయని వేలితో పైకి తోస్తూ పట్టుబడ్డాను. "ఆ కాయ పైకి జరగదు వదినా" అంది పక్కింటావిడ. కారం సంగతి చెప్తే ఆమె పడీ పడీ నవ్వి, తరవాత తన ఫోను వైపు అనుమానంగా చూసింది. మర్నాడు ఖాళీ అన్నం క్యారేజీ ఒకటి తెచ్చి పందిరి గుంజకి తగిలించింది. ఒక్కొక్కరూ అందులో ఫోను పడేశారు. లోపల ఏదైనా మోగితే గిన్నె తేనెపట్టులా రొద పెట్టేది. ఫోను తియ్యాలంటే చేతులు కడగాలి. చేతులు కడగాలంటే మజ్జిగ కావాలి. "ఎవరైతే ఏంలే, మళ్ళీ చేస్తార్లే" అని కూర్చునేవాళ్ళం.

ఇంటి దగ్గర పొద్దుగూకే వేళ ఏం చెయ్యాలో మొదట్లో తోచేది కాదు. మా ఆయన సుద్దముక్కతో అరుగు మీద పులిమేక పటం గీశాడు. పెళ్ళైన కొత్తలో ఆడేవాళ్ళం, ఎప్పుడు మానేశామో గుర్తులేదు. పులులకి గులకరాళ్ళు, మేకలకి చింతగింజలు. పులులు మేకల మీదినుంచి దూకి చంపుతాయి, మేకలు చుట్టూ చేరి పులులు కదలకుండా కట్టెయ్యాలి. ఆయనెప్పుడూ పులులే. నేను మేకల్ని ఒక్కొక్కటే దించుకుంటూ వస్తాను.

"అక్కణ్ణించి దూకకూడదయ్యా! గీత ఏదీ?"

"సుద్ద చెరిగిపోయింది. గీత ఉండేది."

"నీ మోచెయ్యి చెరిపింది. వెనక్కి పెట్టు పులిని!"

వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. మూడో రోజుకి ఒక పెద్దాయన మేకల తరఫున నాకు సలహాలు చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగో రోజు మూడు పులుల్నీ కట్టేశాను. మా ఆయన ఆ పూట అన్నం తింటూ కూడా అరుగు వైపే గుర్రుగా చూశాడు. అన్నం మాత్రం మాడలేదు.

ఆ వారంలోనే, ఒక పొద్దున కల్లంలో ఎవరూ ఏమీ మాట్లాడటం లేదు. ఎండు కాయల గలగల ఒక్కటే వినబడుతోంది. నేను ఏరుకుంటూనే, ఎవరికని కాకుండా, మొదటి ఊరు చెప్పుకోసాగాను. కొత్త కోడలు చెవి ఇటు పెట్టింది. గంప అయ్యేసరికి వామి అయింది. లేచి రెండో గంప తెచ్చుకున్నాను, నీళ్ళు తోడాను. మూడో గంపకి బిడ్డని ఊపాను. లేచాను. మోకాళ్ళు పటపటమన్నాయి. నాలుగో గంప నింపుకుని, వచ్చి, పోసి, ఉస్సురంటూ కూర్చోబోతూ పక్కన పట్టా మీద చేత్తో తట్టాను.

ఎందుకు తట్టానో నాకు తెలియదు. తట్టగానే మా అత్త కనబడింది. నాలుగో గంప పోసి కూర్చునేటప్పుడు ఆమె ఎప్పుడూ పట్టా మీద అలాగే తట్టేది. తట్టి, "కూర్చోవే తల్లీ" అనేది. కొత్తలో నన్నే అంటుందనుకుని దగ్గరికి జరిగేదాన్ని. నన్ను కాదు, కథలో ముసలమ్మ ఆ మాట అనేది.

"నాలుగో ఊళ్ళో" అన్నాను, కాయ చేతిలోకి తీసుకుంటూ, "నాలుగో ఊళ్ళో ఒక ముసలమ్మ ఒక్కతే అరుగు మీద కూర్చుని ఉంది. నీ పనేదో చెప్పవ్వా, తొందరగా చేసిపెట్టి పోతాను అంది కోడలు. నాకే పనీ లేదే తల్లీ, నా పక్కన కాసేపు కూర్చో చాలు అంది ముసలమ్మ. మూడూళ్ళు తిరిగిన కాళ్ళు కదా, కూర్చుంది. ఇద్దరూ మాట్లాడకుండా కూర్చున్నారు. చెట్టు మీద పిట్ట సద్దు వినబడింది. దూరంగా కాలవ నీళ్ళు వినబడ్డాయి. ఆ నీళ్ళ అవతల, టంగు టంగుమని, గేదె మెడలో గంట."

అక్కణ్ణించి కథ ఎవరూ తొయ్యకుండానే నడిచింది. ఆ గంట వెంటే కదా ఆమె మిగతా ఊళ్ళు దాటేది. ఆ ఊరు లేకపోతే గేదె దొరికే దారే లేదు. నేనేమో మొన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కసారీ లేవకుండా, ఊరు మీద ఊరు తోసేశాను. కూర్చునే చోటు ఎలా వస్తుంది?

ఏడో గంపకి గేదె దొరికింది. పక్కింటావిడ ముక్కుగుడ్డతో కళ్ళు ఒత్తుకోబోతే, "కారం!" అని అందరం ఒక్కసారే అరిచాం.

కొత్త కోడలు లేచి, "అత్తమ్మా, ఉండండి, ఫోను తెస్తా. ఇంకోసారి చెప్తే అందులో ఎక్కించుకుంటా" అంది.

"ఆ చేతులతోనా? నా కన్ను సంగతి విన్నావుగా" అన్నాను. "రేపొచ్చి గంప తెచ్చుకుని కూర్చో. నువ్వు చెప్పు, నేను వింటా."

మర్నాడు నిజంగానే మొదలుపెట్టింది. బెదురుతూ, ప్రతి మాటకీ నావైపు చూస్తూ చెప్పింది. క్యారేజీలో ఏదో ఫోను మోగి మోగి ఆగిపోయింది. మూడో ఊళ్ళో బిడ్డని ఊపడం సరిగ్గానే చెప్పి, "ఆ బిడ్డకి పాలు కూడా పట్టింది" అని తన సొంతంగా కలిపింది. మా అత్త కథలో పాలు లేవు. గేదె పోయాక పాలెక్కడివని అడగబోయాను. ఆ పిల్ల చేతులు ఆగకుండా ఏరుతున్నాయి, గంపలో ఇంకా సగం కాయ ఉంది. అది అయ్యేదాకా నేను నోరెత్తలేదు. ఆమె లేచి నాలుగో గంప నింపుకుని వచ్చేసరికి నేను పక్కకి జరిగి చోటిచ్చాను.