ఎర్ర దారం లేని బిడ్డ

ఎనభైల మొదట్లో తిరుత్తణి దగ్గర ఒక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా ఉండేదాన్ని. మా డాక్టరుగారికి ఉన్నట్టుండి ఒక చెక్కపెట్టె మీద పిచ్చి ప్రేమ పుట్టింది. అందులో వారానికో అర. ఏ బిడ్డకి ఏ వారం టీకా వెయ్యాలో ఆ అరలో ఆ బిడ్డ కార్డు ఉండాలి. వారం దాటితే కార్డుకి ఎర్ర దారం, సూది పడ్డాక విప్పెయ్యాలి. బిడ్డ దగ్గుకొచ్చినా గజ్జికొచ్చినా ముందు కార్డు తియ్యాలి, దారం కనిపిస్తే మందు కంటే ముందు సూది.

నాకు ఒళ్లు మండింది. ఊళ్లో బిడ్డలందరి సంగతీ నా తలలో ఉంటే, ఈ పెట్టె నాకు పాఠాలు చెప్పేదేమిటని కాంపౌండరన్న దగ్గర రోజూ సణిగేదాన్ని. మన ఆడవాళ్లు కాన్పుకి పుట్టింటికి పోతారు. మొదటి రెండు సూదులు అక్కడ, మూడోదానికి అత్తింట్లో ఉంటారు. కార్డు పుట్టింటి ఊళ్లోనే మిగిలిపోతుంది. అట్లాంటి తల్లుల్ని వీధిలో నిలబెట్టి కడిగేసేదాన్ని.

నా కూతురూ మా అమ్మవాళ్ల ఊరు తిరువళ్ళూరులోనే పుట్టింది. రెండు సూదులూ, కార్డూ అక్కడే. ఇక్కడ కొత్త కార్డు రాయలేదు. నర్సు కూతురికి కార్డేమిటి, ఈ బుధవారం కాకపోతే వచ్చే బుధవారం అనుకున్నాను. అట్లా ఎన్ని బుధవారాలు పోయాయో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

ఆ ఏడు మా పక్కవీధిలోకి కోరింత దగ్గు వచ్చింది. ఆ మూడు సూదులూ ఆపేది దాన్నే. దగ్గి దగ్గి నీలంగా మారిన ఒక పసిబిడ్డని నేనే పెద్దాసుపత్రికి పంపించాను. ఆ మర్నాడే మా అత్త, దగ్గుతున్న నా కూతుర్ని చంకనేసుకొని వచ్చి అందరిలాగే వరుసలో నిలబడింది. నేను లోపల కాన్పు దగ్గరున్నాను. కాంపౌండరన్న నియమం తప్పకుండా పెట్టె వెతికాడు. కార్డు లేదు కాబట్టి దారం లేదు, దారం లేదు కాబట్టి సూదీ లేదు. దగ్గు మందు పోసిచ్చాడు.

నేను చేతులు కడుక్కొని బయటికొచ్చేసరికి అత్త సీసా పట్టుకొని వాకిట్లో ఉంది.

"ఊరోళ్ల బిడ్డలకంతా దారం కట్టినావంట గదమ్మా. మన బిడ్డది యాడుంది?"

వెటకారమేమోనని చూశాను. కాదు. చదువురాని మనిషి, దాన్ని రక్షదారం అనుకొని నిజంగానే అడుగుతోంది. బిడ్డని ఆమె చంకలోంచి లాక్కొని డాక్టరుగారి గదిలోకి పరిగెత్తాను.

డాక్టరుగారు పరీక్షించి, ఉత్త జలుబే, సూది వెయ్యొచ్చన్నారు. నేను బిడ్డని పట్టుకుంటే కాంపౌండరన్నే వేశాడు. అత్త మాత్రం దారం కట్టేదాకా కదలనంది. సూది పడ్డాక దారం ఉండకూడదని ఆమెకి చెప్పే మొహం నాకెక్కడిది? బిడ్డ మణికట్టుకి ఎర్ర దారం కట్టాను, గట్టిగా.