దర్జీ లతీఫ్ కోరిక
“ఇద్దరు మొగోళ్లు ఒక్కింట్ల కాపురముండుడు హరాం!” అని మసీదు కమిటీ పెద్ద వాకిట్ల మొత్తుకుంటే, దర్జీ లతీఫ్ మిషిన్ మీదికెల్లి లేవనన్న లేవలే. “కండ్లార సూసిన నలుగుర్ని తే సాబ్. లేకుంటే నిందేసినోళ్లకే కొరడా దెబ్బలు, అది గూడ షరియతే” అన్నడు. పెద్ద వచ్చిన తొవ్వనే మర్లిపోయిండు. ఎదురింటి గయ్యాళి సైదమ్మ కడుపుమంట వేరే. తనతోని ఒక్కింట్ల ఉండే యాకూబ్ మిల్లు నుంచి వచ్చిందాక లతీఫ్ ముద్ద ముట్టడు, వచ్చినంక చేప ముండ్లు ఏరి వాని పళ్లెంల పెడతడు. ముప్పై ఏండ్ల కాపురంల సైదమ్మను మొగడు “తిన్నవా” అని ఒక్కనాడు అడగలే. ఆ కుళ్లుతోని వాళ్లు కనవడ్డప్పుడల్లా తలుపు దబాల్న ఏస్తది. మొన్న గుండెనొప్పితోని దవాఖానకు పోయొచ్చిన లతీఫ్ ఆ తలుపే కొట్టిండు. “అవ్వా, నా పానం పోతే ముందుగాల యాకూబ్‌కు ఫోన్ చెయ్యి. మా అన్నలు వాన్ని నా దగ్గరికి రానియ్యరు. వాడొచ్చి నాకు ఆఖరి స్నానం చేయించిందాక వాళ్లను నీ నోటితోని వాకిట్లనే ఆపు.”