తాతయ్య చేనుకి ఏ రంగు

నా చిన్నప్పుడు మా ఊరి పొలమంతా ఒక ట్రేసింగ్ కాగితం మీద పట్టేసింది. ఆ కాగితం మా పక్కింటి అక్కది. అక్క భీమవరంలో డిగ్రీ చదివేది. మా వీధిలో ఆడపిల్లలు డిగ్రీకి వెళ్లడం కొత్తేమీ కాదు గానీ, ఎకనామిక్ జాగ్రఫీ అనే చదువు ఒకటి ఉంటుందని ఎవరికీ తెలియదు. అదేం చదువని అడిగితే, ఏ నేల మీద ఏం పండుతుంది, ఎందుకు పండుతుంది, అది ఎక్కడికి వెళుతుంది అని చెప్పేది. ఆ మాత్రం మాకూ తెలుసు, దానికి రోజూ బస్సెక్కి వెళ్లాలా అని మా అమ్మ నవ్వేది.

ఆ ఏడు అక్కకి ప్రాక్టికల్ రికార్డు ఇచ్చారు. సొంత ఊళ్లో చేను చేనూ తిరిగి, ఎవరి నేలలో ఏముందో అడిగి, మ్యాపు గీసి రంగులు వేయాలి. వరికి ఆకుపచ్చ, కొబ్బరితోటకి పసుపు, చెరువుకి నీలం, ఏమీ పండని నేలకి బూడిద రంగు. ఆరో తరగతి చదివే నేను సెలవులన్నీ పెన్సిళ్ల పెట్టె పట్టుకుని అక్క వెనకాలే తిరిగాను. పెట్టెలో నీలం పెన్సిలే అన్నిటికన్నా ముందు అరిగిపోయింది. వరిచేలు తవ్వి రొయ్యల చెరువులు చేయడం అప్పుడప్పుడే ఊపందుకున్న రోజులవి.

మా తాతయ్య మాత్రం తవ్వించలేదు. ఆయనకి వరి తప్ప మరొకటి పంటలా కనిపించేది కాదు. ఆయన చేనుకి గట్టు అవతల అక్కా వాళ్ల నాన్నగారు చెరువు తవ్వించి, ఉప్పుటేటి నీళ్లు తోడించి నింపారు. అప్పట్నుంచి రెండేళ్లపాటు తాతయ్య ఊడ్పించిన వరి ఊడ్పించినట్టే ఎర్రబడి చచ్చిపోయింది. ఆయన మళ్లీ ఎక్కడినుంచో నారు తెచ్చి ఊడ్పించేవారు. అదీ పోయేది. పెద్దాయనకి వయసైపోయింది, వ్యవసాయం మరిచిపోయారు అని అక్కా వాళ్ల నాన్నగారు నలుగురిలో అన్నారు. ఆ మాట తాతయ్య చెవిన పడింది. ఆయన పోట్లాడలేదు. చేలో ఏముందని ఎవరడిగినా వరి అనే చెప్పేవారు. ఇంట్లో మేమెవరం దాన్ని కాదనేవాళ్లం కాదు.

అందుకే మ్యాపులో ఆ ఒక్క చేను ఖాళీగా మిగిలిపోయింది. పక్కనే ఉన్న వాళ్ల నాన్నగారి చెరువుకి అక్క శ్రద్ధగా నీలం వేసుకుంది గానీ, గట్టు ఇవతలికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. సోమవారం రికార్డు ఇచ్చేయాలి. ఆదివారం మధ్యాహ్నం అక్క అన్నానికి లోపలికి వెళ్లినప్పుడు నేను ఆకుపచ్చ పెన్సిలు తీసి తాతయ్య చేను నింపేశాను. గీత దాటకుండా, దట్టంగా, ఊళ్లో ఇంకెవరి చేనుకీ లేనంత పచ్చగా నింపాను. తాతయ్య మీద ప్రేమతో చేసిన పని కదా, అది అబద్ధమని నాకు తోచనే లేదు.

అక్క చూసింది. తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని చేనుకి తీసుకెళ్లింది. గట్టు పక్కన చేత్తోనే చిన్న గుంట తవ్వింది. కాసేపటికి అందులో నీళ్లు ఊరాయి. వేలు ముంచి నాలిక మీద పెట్టుకోమంది, తనూ పెట్టుకుంది. ఊరగాయ జాడీ అడుగున మిగిలే ఉప్పు ఊటలా ఉంది. నేను ఉమ్మేశాను. అక్క ఉమ్మలేదు.

ఇంటికొచ్చి రబ్బరుతో నా ఆకుపచ్చంతా చెరిపింది. ఇక బూడిద రంగు వేసేస్తుందనుకున్నాను. వేయలేదు. సాయంత్రం మ్యాపు చుట్టుకుని మా ఇంటికి వచ్చి, వీధరుగు మీద కూర్చున్న తాతయ్య ముందు పరిచింది. చేలో ఏముందని అడుగుతుందని నాకూ, గుమ్మంలో నిలబడ్డ మా అమ్మకీ భయం వేసింది. తాతయ్య వరి అనడానికి సిద్ధంగానే ఉన్నారు. అక్క ఆ ప్రశ్న అడగనే లేదు.

"తాతయ్యగారండీ, మీ చేలోకి దిగింది మా చెరువు ఉప్పేనండి. మీ వ్యవసాయంలో లోపమేమీ లేదండి. రికార్డులో కూడా అలాగే రాశాను," అంది.

రెండేళ్లుగా ఆ ఇంటి నుంచి ఎవరో ఒకరు అంటారని తాతయ్య ఎదురుచూసిన మాట అది. ఆయన "మీ నాన్న చూస్తే ఊరుకుంటాడా అమ్మా?" అని మాత్రం అడిగారు. ఊరుకోరండి అంది అక్క.

అప్పుడాయన బూడిద రంగు పెన్సిలు ఏదని నన్నడిగి తీసుకున్నారు. ఆయనకి పెన్సిలు పట్టే అలవాటు లేదు. పిడికిట్లో బిగించి, చేను ఒక మూల నుంచి మొదలుపెట్టి, నాగలి దున్నినట్టు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు గీసుకుంటూ వెళ్లారు. గీతలు వంకరపోయినా గట్టు దాటకుండా చాలా జాగ్రత్తపడ్డారు. అంతా నిండాక పెన్సిలు నా చేతిలో పెట్టి, లోపలికి వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నారు. తాతయ్య ఏడవడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

మర్నాడు పొద్దున్నే గోడ అవతల అక్కా వాళ్ల నాన్నగారు కేకలు వేశారు. బస్సు వేళకి అక్క మాత్రం రికార్డు రెండు చేతులా పట్టుకుని వెళ్లింది. ఆ తర్వాత ఆ తండ్రీకూతుళ్లకి చాలాకాలం మాటల్లేవు. ఇంత చేస్తే రికార్డులో మార్కులు కూడా తగ్గాయి. ఒక చేనుకి రంగు అలికినట్టు ఉందనీ, నీట్‌నెస్ లేదనీ ఎర్రసిరాతో రాసి ఇచ్చారు.

తాతయ్య మళ్లీ నారు పోయలేదు, ఆ గట్టువైపూ వెళ్లలేదు. ఇంకో ఏడాదికి మా నాన్న ఆ చేను కూడా చెరువుకి లీజుకిచ్చారు. అది చూడడానికి తాతయ్య లేరు.

నాకిప్పుడు తల నెరిసింది. డిగ్రీ పిల్లలకి ఆ ఎకనామిక్ జాగ్రఫీయే చెబుతున్నాను. పిల్లలు ఉపగ్రహం తీసిన బొమ్మ ఫోన్లో తెరిచి, కూర్చున్నచోటే ఊళ్లకి ఊళ్లు రంగులు వేసేస్తున్నారు. అందులో మా ఊరు వెతికితే అంతా నీలమే. తాతయ్య చేను ఎక్కడుందో నేనే పోల్చుకోలేకపోయాను. అందుకే ఇప్పటికీ ఏటా పిల్లల్ని పొలాలకి తరుముతాను, ఎవరి నేలకి ఏ రంగో వాళ్లనే అడిగి రమ్మంటాను. వాళ్లు నన్ను బాగానే తిట్టుకుంటారు. రికార్డులు దిద్దేటప్పుడు ఎక్కడైనా రంగు వంకరగా, అలికినట్టు కనిపిస్తే మాత్రం ఎర్రపెన్ను పక్కన పెట్టేస్తాను. అది ఎవరి చెయ్యో నాకు తెలియదు కదా.