అందిందన్న కేక

మొన్న మా మనవరాలు సెలవుకు వచ్చి, తన ఉద్యోగం ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పాలని కూర్చుంది. పొలాల్లో మోటార్లను వాటంతటవే నడిపించే చిన్న యంత్రాలు తయారుచేసే కంపెనీ అట. ఆ యంత్రం కడుపులో నాలుగైదు పనులు ముందు నేనంటే నేనని ఎగబడుతుంటాయట, కెర్నెల్ అనే పెద్దమనిషి వాటికి వంతులు పెడతాడట, ఆ వంతులు తప్పకుండా టైమర్ ఒకటి టిక్కుటిక్కుమని కాపలా కాస్తుందట. “ఎవలు ఏం పని జేస్తున్నా సరే అవ్వా, టైమైందంటే టక్కున ఆపి పక్కోనికిస్తది” అంటూ కళ్లు మెరిపించింది. నాకు నవ్వొచ్చింది. వంతుల సంగతి నాకు చెప్పవచ్చింది! ఉమ్మడి బావి కింద సేద్యం చేసిన నా ఈడువాళ్లెవరైనా ఇది చదువుతుంటే వాళ్లకూ నవ్వు రాక మానదు.

అరవైలు మొదలైన రోజుల్లో ఆలేరు పక్క పల్లెకు నేను కోడలిగా పోయేసరికి, మా అత్త ముగ్గురు కొడుకులకూ కలిపి ఒకటే బావి. పెద్దబావ మడి బావిగడ్డనే ఉండేది, నడిపి బావది దాని కింద, చిన్నవాడైన మా ఆయనది అన్నిటికంటే చివర, నీళ్లు పీల్చేసే ఎర్రచెల్క నేలలోంచి పోయే పొడుగాటి కాలువ దాటాక. మోట కొట్టే కాలమది. వంతు కొలవడానికి అత్త దగ్గర అడుగున సన్నని చిల్లి ఉన్న ఇత్తడి గిన్నె ఉండేది, దాన్ని నీళ్ల గోలెంలో వదిలితే మెల్లగా నిండి బుడుంగున మునిగేది, అట్లా ఇన్ని మునకలని ఒకరి వంతు. అయితే మోట కదలగానే గిన్నె వదిలేది కాదు అత్త. నీళ్లు కాలువ వెంట పాకి మడిలో పడ్డాక, అక్కడున్న మనిషి “అందిందో” అని కేక వేయాలి, ఆ కేక చెవిన పడ్డాకే గిన్నె చేయి జారేది. కాలువ తాగిన నీళ్లను ఎవరి వంతులోంచీ తీసేవారు కాదు.

తర్వాత నూనె ఇంజను వచ్చింది. ముగ్గురూ కలిసి తెచ్చిందే అయినా పెత్తనం మాత్రం పెద్దబావది. ఆ చప్పుడుకు చివరి మడి కేక వినపడదన్నది నిజమే, కాదనను. దానికి ఆయన కనిపెట్టిన మహా ఉపాయం, ఆలేరులో రైలెక్కి పట్నం పోయి ఒక అలారం గడియారం తేవడం. అబ్బబ్బ, దానికి జరిగిన సేవలు చూడాలి! పొద్దున్నే స్నానం చేస్తే గాని కీ ఇచ్చేవాడు కాదు. ఇంజను అదురుకు అది స్టూలు అంచుకు నడిచిపోతుంటే, చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని, చివరికి నవారు ముక్కతో కట్టేశాడు. నడినెత్తిన సూర్యుడుండగా పొద్దెంతయిందని అడిగినా, ఇంజను కొట్టంలోకి పోయి చూసొచ్చి గాని చెప్పేవాడు కాదు. తెలివి అంత నిండుగా అడుగంటిన మనిషిని మళ్లీ నేను చూడలేదు.

గడియారం తప్పు నడిచినా బాగుండేది, సరిగ్గానే నడిచింది, ఏడుపంతా అక్కడే. నీళ్లు ఎవరి వైపు తిప్పితే ఆ క్షణం నుంచే వాళ్ల లెక్క మొదలు. పెద్దబావ మడి పక్కనే కాబట్టి ఆయనకు పోయేదేమీ లేదు. మాకేమో ఆ ఎండిన కాలువ తాగినంత తాగాక, సగం వంతు దారిలోనే తీరిపోయేది. ఆ యాసంగి పంటకాలంలో మా తిండిగింజలన్నీ ఆ ఒక్క మడి మీదే ఆధారం, వరి పొట్టకొచ్చి ఉంది.

అత్త కొడుకును తిట్టలేదు. గడియారమే ఉండనీ గాని, మడికి అందినప్పటి నుంచి చూడు, కేక వినపడకుంటే చిన్నకోడలు గట్టు మీద గుడ్డ ఊపుతుంది అని అడిగింది. ఆయన పకపకా నవ్వాడు. “గడియారం ఉండంగ గీ గుడ్డలూపుడేందమ్మా? గది అబద్ధం జెప్తదా?” నడిపి బావ అవునవునని తలూపాడు. మా ఆయన అన్న మాట కాదనలేక కాలి బొటనవేలితో నేల మీద గీతలు గీశాడు. ఆ గీతలు తలచుకుంటే ఇవాళ్టికీ నాకు ఒళ్లు మండుతుంది.

అత్త పట్టు వదలలేదు, ప్రతి వంతుకూ నన్ను గట్టు మీద నిలబెట్టింది. నీళ్లు అందగానే నేను తెల్లగుడ్డ ఊపేదాన్ని, కొట్టం దగ్గర అత్త చేయెత్తి చూపించేది, పెద్దబావ ముల్లు వంక చూసేవాడే గాని మా వంక మెడ తిప్పేవాడు కాదు. అలారం గణగణమనగానే, నీళ్లు మా మడి మూలకు పారకముందే మట్టివేసి మళ్లించేవాడు. కంకులన్నీ తాలుపోయాయి, కోసి పశువులకు వేశాం. దానికీ ఆయన జవాబు ఒకటే: “టైం ప్రకారమే ఇచ్చిన గదా, నేనేం జేస్త?” సొంత మడి ఉండి కూడా ఆ ఏడు మా ఆలుమగలం పరాయి చేలల్లో కూలికి పోయాం. అత్త గిన్నెకేమో పెద్దబావ చిల్లి పూడ్చి మాటు వేయించి, తవుడు ముంచడానికి వాడుకున్నాడు.

ఇదంతా విన్న మనవరాలిని అడిగాను, మీ యంత్రం మడికి నీళ్లు తిప్పినప్పటి నుంచి లెక్కపెడుతుందా, అందినప్పటి నుంచా అని. “తిప్పినప్పటి నుంచే అవ్వా. చివర్ల అందిందో లేదో తెల్వాలంటే ఇంకో సామాను పెట్టాలె, అది దండుగని మావోళ్లు తీసేసిన్రు.” పెద్దబావ పోయి ఎన్నో ఏళ్లయిందనుకుంటున్నాను, కంపెనీ పెట్టుకున్నాడన్నమాట.

ఇప్పుడా బావి పూడిపోయింది, ఎవరి బోరు వారిది, ఎవరి చేతిలో ఫోను వారిది, రెప్పపాటు కూడా తేడా రాదట. రాకపోతే పోనీ. అప్పట్లో కేక ఎట్లా వేసేవాళ్లో వినిపించమని పిల్ల అడిగితే, ఈ వయసులో లేచి నిలబడి “అందిందో” అని అరిచాను. అది నవ్వి మళ్లీ ఫోను చూసుకుంది. నాకు మాత్రం, గోలెం పక్కన గిన్నె చేతపట్టుకుని, అది వదలకుండా, చివరి మడి వైపు చెవి ఒగ్గి నిలబడ్డ మా అత్త కనిపించింది.