స్తంభం దగ్గర నిలబడ్డ పిల్ల

పత్తికొండ దిక్కున ఒక పల్లెలో, చర్చి వరండాలో, సాయంత్రం పూట పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి నేను మలేషియా నుంచి వచ్చాను. నాలుగు తరాల కిందట అక్కడి తోటల్లో కూలికి పోయిన శ్రీకాకుళం వాళ్ల వంశం మాది. ఇంట్లో తెలుగే మాట్లాడతాం కాబట్టి ఇది నాకు పరాయి దేశం కాదనుకుంటూ దిగాను. వారం తిరక్కుండానే ఆ భ్రమ వదిలింది. నేను నోరు విప్పితే చాలు, ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. "మాటలు మనవే, రాగమే యాడిదో తెల్దు" అని ఒకావిడ తేల్చేసింది.

నాకు ముక్కు మీద కోపం. ఆలస్యంగా వచ్చినా, పలక మరిచిపోయినా, నన్ను చూసి ఊరికే నవ్వినా పిల్లల మీద అరిచేదాన్ని. నాకు గది ఇచ్చి అన్నం పెట్టే పాస్టరుగారి భార్య అదంతా వింటూ, "అరిస్తే వస్తాదా తల్లీ ఇంగ్లీసు? అట్లయితే మా ఆయన అరుపులకు నాకు ఎప్పుడో వచ్చుండల్ల" అనేది. ఊరంతా ఆమెను పాస్టరమ్మ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేదాన్ని.

ఒక పిల్ల మాత్రం ఎప్పుడూ కూర్చునేది కాదు. చంకలో పాలు తాగే తమ్ముణ్ణి వేసుకుని వరండా స్తంభానికి ఆనుకుని నిలబడేది. మొదటిరోజే గద్దించాను, కూర్చోమని. "కూసుంటే ఏడుస్తాడు టీచర్" అంది, అదేదో నాకు తెలియాల్సిన సంగతే అన్నట్టు. వాడి బరువుకు ఒక పక్కకు ఒరిగిపోయి, ఆ ఒరుగుతోనే నల్లబల్ల మీది వాక్యాన్ని అందరికంటే ముందు చదివేసేది. ఏటా సుగ్గికి పోయి సగం బడి పోగొట్టుకుంటూ, పన్నెండేళ్లు దాటినా అయిదో తరగతిలోనే ఉంది.

సుగ్గి అంటే అక్కడ వలస. వానలు ముఖం చాటేస్తాయి, బోర్లు ఎండిపోతాయి, కొత్త సంవత్సరం ఆరాధన కాగానే ఊరు ఊరంతా మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు లారీలెక్కుతుంది. ముసలివాళ్లూ కుక్కలూ మిగులుతారు.

పట్నంలో హాస్టలున్న ఒక పెద్ద బడికి ఎండాకాలం మొదట్లో ప్రవేశ పరీక్ష ఉంది. అందులో నెగ్గితే ఆ పిల్లకు ఇక సుగ్గి లేదు. నెగ్గుతుందని నాకు అనుమానమే లేదు. పరీక్షదాకా ఆమె ఊళ్లో ఉంటే చాలు. వాళ్లమ్మ దగ్గరికి పాస్టరమ్మను వెంటబెట్టుకుని పోయాను.

"పరీక్షయ్యేదాకా పిల్లను మా దగ్గర వదులక్కా. అన్నం మేం పెడతాం" అన్నాను.

"ఇడిస్తే పసిబిడ్డను ఎవురు సూస్తారమ్మా? అది గట్టు మీద వీణ్ణి ఎత్తుకోనుంటేనే గదా నేను కాయ తెంపేది."

"వాణ్ణి కూడా నాకే ఇచ్చిపో."

"పాలు నువ్విస్తావా?" అని ఆమె పకపకా నవ్వింది. పాస్టరమ్మ కూడా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. వాకిట్లో రెండో కూతురు, ఎనిమిదేళ్లది, బలపం కొరుకుతూ కూర్చుని ఉంది. దాన్ని చూపించి, "ఇది ఉంది కదా! దీనికివ్వు పిల్లవాణ్ణి. ఎన్నాళ్లని పెద్దదే మోయాలి?" అన్నాను.

"దానికి నడుము యాడుండాది?" అంటూ తల్లి ఆ చిన్నదాన్ని కిందినుంచి పైదాకా చూసింది. "సూద్దాం లే."

ఆ ఒక్క మాట పట్టుకుని నేను క్రిస్మస్ పండగ గడిపాను.

సుగ్గికి పోయే ముందు అక్కడ ప్రతి ఇంటివాళ్లూ తమ అన్నం గిన్నె ఒకటి తెచ్చి చర్చి మెట్ల మీద పెడతారు. ఏ ఊళ్లో వండుకున్నా అది ఖాళీగా ఉండకూడదని పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. నాకు అంత భక్తి లేదు, అయినా మోకరించాను. అడిగింది ఒక్కటే. మర్నాడు పొద్దున లారీ దగ్గరికి పోతే, ఆ పిల్ల మూటల మధ్య, ఒళ్లో తమ్ముడితో కూర్చుని ఉంది. తల్లి నా వైపు చూడలేదు. నేను కూలీలను కుదిర్చే మేస్త్రీ మీద విరుచుకుపడ్డాను, చదివే పిల్లను ఎలా తీసుకుపోతావని.

"ఏమమ్మా, మీ దేశంలో పిల్లోల్లకు సదువులన్నీ అయిపోయినాయా, ఈడికొచ్చి మా పిల్లోల్ల ఎనక పడ్నావు?" అన్నాడు. లారీలో వాళ్లంతా నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. అదే నాకు ఎక్కువ బాధేసింది.

పరీక్ష రోజు వచ్చింది, పోయింది. పాస్టరమ్మ జొన్నరొట్టె ముందు పెట్టింది. నేను తినలేదు.

ఎండలు ముదిరాక లారీలు తిరిగొచ్చాయి. ఆ పిల్ల తలంటు పోసుకుని, కొత్త గౌను వేసుకుని, మైసూరుపాకు పొట్లంతో నా గదికి వచ్చింది. మిరప ఘాటుకు వేళ్ల చివర్లు పగిలి ఉన్నాయి. ఎందుకీ తీపి అన్నాను.

"మేస్త్రీ ఈతూరి నన్ను నిండు మనిషి కింద కట్టినాడు టీచర్. సగం కాదు!"

కూలి ముఠాలో పిల్లలంటే సగం మనిషి, పెద్దవాళ్లు నిండు మనిషి. మొదటిసారి నిండు మనిషైన పిల్ల ఇంటింటికీ తీపి పంచుతుందట. ఆమె ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగు పరీక్ష నెగ్గిన రోజున చూడాలని ఎంత ఆశపడ్డానో నాకే తెలుసు. చేతిలో పెట్టింది కాబట్టి తిన్నాను.

వెనకే వాళ్లమ్మ వచ్చింది. "నువ్వు సెప్పిందే మేలాయె టీచరమ్మా. సిన్నదానికిస్తే బాగానే ఎత్తుకునింది. పెద్దదానికి సేతులు కాళీ అయినాయి, నా పక్కనే సాలు పట్టి కాయ తెంపింది. శానా పున్యం నీకు" అని నా చేతులు పట్టుకుంది. నేను ఖాళీ చేయమన్నది పుస్తకం పట్టుకోవడానికి. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అందరి మీదా అరిచే నోరే అది.

ఆ సాయంత్రం మళ్లీ క్లాసు పెట్టాను. పెద్దది రాలేదు. పిల్లలకు వీపు తిప్పి నల్లబల్ల మీద ఒక వాక్యం రాశాను. చివరి మాట పూర్తి కాకముందే వెనకనుంచి ఎవరో తప్పు లేకుండా చదివేశారు. తిరిగి చూస్తే స్తంభం దగ్గర చిన్నది. చంకలో తమ్ముడు. వాడి బరువుకు ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది.

"కూర్చోమ్మా" అన్నాను.

"కూసుంటే ఏడుస్తాడు టీచర్" అంది.