బుట్టాయన ఫొటోలు

ఎక్స్‌రే మేడమ్ అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. ముప్పై రెండేళ్లు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసి రిటైరైంది. "ఊపిరి పీల్చండి, బిగబట్టండి, ఇక వదలండి" అని రోజుకు ఎనభైసార్లు అన్న గొంతు కాబట్టి ఇంట్లోనూ అదే వరసలో మాట్లాడేది. ఆ ఉద్యోగం ఆమెకు ఒక గుణం అంటించింది. మెట్లమీద జారిపడ్డానని మనిషి అంటాడు, విరిగిన ఎముక ఇంకేదో చెబుతుంది. అలాంటివి చూసీ చూసీ, ఎవరి మాటా ఒక పట్టాన నమ్మేది కాదు.

రిటైరయ్యాక కెమెరా కొనుక్కుంది. "ఇన్నేళ్లూ నలుపూ తెలుపే చూశాను, ఇక రంగులు చూస్తాను" అంది చెల్లెలితో. చెల్లెలు బడిలో లైబ్రరీ చూసుకుంటుంది. ఆ ఇంట్లో ఉండేది అక్కాచెల్లెళ్లిద్దరే. వంటింటి కిటికీ గట్టుమీద మడతపెట్టిన తువ్వాలు, దానిమీద కెమెరా, వెనక స్టూలుమీద మేడమ్. ఎదురుగా పెరట్లో జామచెట్టు, బట్టల తీగ, నీళ్ల పళ్లెం. పొద్దున్నే రామచిలుకలు గోలగోలగా దిగేవి. మందారాల్లో తేనెపిట్టల జంట, తీగమీద నీలి లకుముకి. వాటన్నిటికన్నా ఆమెకు ముద్దొచ్చేది నల్ల రెక్కల పసుపు పిట్ట. చెల్లెలు దానికి పసుపుముద్ద అని పేరు పెట్టింది. ఫొటో తీసేముందు మేడమ్ తను ఊపిరి బిగబట్టి, పిట్టనీ బిగబట్టమనేది.

"అది నీ పేషెంటు కాదక్కా" అనేది చెల్లెలు నవ్వాపుకోలేక.

ఏ పిట్ట ఏ రోజు వచ్చిందో నోటుబుక్కులో రాసుకునేది. చిలుకల్లో ఒకదాని వేలు వంకర, ఇంకోదాని తోకలో ఒక ఈక తక్కువ, అన్నీ ఆమెకు గుర్తే. అందుకే అవి తగ్గుతున్న సంగతి కూడా వెంటనే తెలిసింది. తొమ్మిది చిలుకలు ఆరయ్యాయి. తేనెపిట్టల్లో మగది కనపడటం మానేసింది.

"ఎవరో పడుతున్నారే" అంది.

"నీవన్నీ కాకిలెక్కలు. ఇంకో చెట్టు దొరికుంటుంది."

"వేలు వంకరది ఏడాదిన్నరగా ఒక్క పూట తప్పలేదు. చెట్టు దొరికిందట, చెట్టు!"

సరిగ్గా రెండు నెలల కిందటే పక్కింట్లోకి ఒకాయన అద్దెకు దిగాడు. ఒంటరి మనిషి, నలభై దాటుంటాయి. ఎవరితోనూ కలిసేవాడు కాదు. అతని వెనకగది కిటికీ మేడమ్ పెరటివైపు ఉంటుంది. వచ్చిన రెండోరోజే దానికి లోపలినుంచి నల్లగుడ్డ కట్టేశాడు. రోజూ తెల్లవారుతుండగా బయల్దేరి, గంట తర్వాత గుడ్డ కప్పిన బుట్టతో తిరిగొచ్చేవాడు. అడుగు తడబడకుండా, అంచుదాకా నిండిన గిన్నెను మోస్తున్నట్టు తెచ్చేవాడు. అక్కాచెల్లెళ్లకు అతని పేరు తెలియదు, బుట్టాయన అనుకునేవారు.

మెల్లమెల్లగా కెమెరా జామచెట్టు మీంచి పక్క గోడవైపు తిరిగింది. బుట్టతో వస్తున్న ఫొటో ఒకటి. అతని గుమ్మం ముందు నీలి ఈక ఒకటి. ఇంకోరోజు తీసిన ఫొటోను కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే, తలుపు వెనక పొడవాటి కర్ర, దాని చివర మెత్తటి వల. 

బుట్టాయన కూడా గుడ్డివాడేం కాదు. ఒకరోజు గోడ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఏమండీ, మీ కెమెరా పిట్టల కోసమా, నా కోసమా?"

"పిట్టల కోసమే. అవి వస్తే కదా."

"మరి నా గుమ్మంవైపు పెట్టారేం?"

"మీ కిటికీకి ఆ గుడ్డెందుకండీ?"

"నా కిటికీ, నా గుడ్డ" అని తలుపు దబ్బున వేసుకున్నాడు.

"చూశావా ఎంత ఉలికిపాటో!" అంది మేడమ్ లోపలికొచ్చి.

"నెల్లాళ్లు నావైపు కెమెరా పెడితే నేనూ ఉలిక్కిపడతానక్కా."

ఆ వారం పసుపుముద్ద రాలేదు. నాలుగు రోజులు చూసింది. ఐదోరోజు ఫొటోలన్నీ కవర్లో పెట్టుకుని ఆ ఇంటి ఓనరు దగ్గరికి వెళ్లింది. అతను కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటే చూసి, "నాకూ మొదట్నుంచీ తేడాగానే ఉందండీ" అన్నాడు, అంతకుముందు అటువైపు కన్నెత్తి చూడకపోయినా.

ఆదివారం పది గంటలకు, బుట్టాయన బయటికెళ్లినప్పుడు, ఓనరు తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీశాడు, వెనకే మేడమ్. వెనకగది చీకటిగా ఉంది. గోడవారన చెప్పుల అట్టపెట్టెలు, మూతలకు బెజ్జాలు. ఒకదాంట్లోంచి గీరుతున్న చప్పుడు. ఓనరు మూలనున్న చిన్న ఫ్రిజ్ తెరిచాడు. కాగితాల్లో చుట్టిన పొట్లాలు, ఒక్కోదానిమీద తేదీ. పై పొట్లం విప్పింది మేడమ్. వంకర వేలు. చిలుక మెడ ఒకపక్కకి వాలిపోయి ఉంది. కళ్లలో నీళ్లు తిరిగినా, ముందు దాని ఫొటో తీసింది.

వెనక అడుగుల చప్పుడైంది. బుట్టాయన. అరుస్తాడనుకున్నారు. అరవలేదు.

"ఆ తలుపు కాస్త దగ్గరికి వేయండి. పెట్టెలో ఉన్నది వెలుతురుకి బెదురుతుంది."

"ఏం చేస్తున్నావయ్యా వీటిని?" అన్నాడు ఓనరు.

"వెనకవీధి చివర అద్దాల బిల్డింగు ఉంది కదా, అక్కడ అద్దాలు తుడుస్తాను. కొత్త అద్దాలు బిగించినప్పట్నుంచీ పిట్టలు వాటిని ఆకాశం అనుకుని గుద్దుకుంటున్నాయి. ప్రాణమున్నవాటిని కాసేపు చీకట్లో పెడితే తేరుకుంటాయి, వదిలేస్తాను. పోయినవాటిని మేనేజరుకు చూపిద్దామని దాస్తున్నా. వట్టి మాట ఆయన నమ్మట్లేదు."

"వలో?" అంది మేడమ్.

"కింద పార్కింగులో దూరి బయటికి రాలేనివాటికి."

"పిట్టకథలు ఆపు" అన్నాడు ఓనరు. 

మేడమ్ కూడా నమ్మలేదు. "రేపు నన్ను తీసుకెళ్లండి. నా కళ్లతో చూస్తాను."

"రండి. నెల పైనుంచీ చూస్తూనే ఉన్నారుగా."

మర్నాడు తెలతెలవారుతుండగా అతని వెనక నాలుగడుగుల దూరంలో నడిచింది. దారంతా అతని చేతులమీదే చూపు. బుట్టలో ముందే ఏమైనా పెట్టుకొచ్చాడేమోనని గుడ్డ తీసి చూపించమంది. చూపించాడు. ఖాళీ. ఆరంతస్తుల అద్దాలు ఎదురుగా ఉన్న చెట్లనీ మబ్బుల్నీ అచ్చుగుద్దినట్టు చూపిస్తున్నాయి. ఒకచోట అద్దంమీద రెక్కలు చాచిన పిట్ట ఆకారం పొడిపొడిగా అంటుకుని ఉంది. ఇదీ అతనే గీశాడేమో అనుకుంది.

ఇరవై నిమిషాలు గడిచాయి. టప్పుమంది. ఆమెకు రెండడుగుల దూరంలో పసుపు పిట్ట పడింది. పసుపుముద్ద కాదు, ఇంకా గుండెమీద చారలు పోని పిల్ల పిట్ట. ఎవరూ విసరలేదు, ఎవరూ వల వేయలేదు.

బుట్టాయన దాన్ని తీసి ఆమె దోసిట్లో పెట్టాడు. మేడమ్ వేలు రెక్క మొదట్లో మెల్లగా కదిలి ఒకచోట ఆగింది.

"ఇక్కడ విరిగింది. భుజం దగ్గర."

"ఎలా తెలుసు?"

"బతుకంతా ఇదే పని నాది."

ఆ సాయంత్రమే ఓనరు దగ్గరికి పరిగెత్తింది. తను పొరబడ్డానని, ఆ మనిషి మంచివాడని చెప్పింది. 

"ఫొటోలు తెచ్చిందెవరండీ? మీరే కదా" అన్నాడతను. "ఎందుకు దాస్తేనేం, ఫ్రిజ్‌లో చచ్చిన పిట్టల్ని పెట్టుకునేవాడు నా ఇంట్లో వద్దు." రెండోసారి వెళ్తే తలుపే తీయలేదు.

నెలాఖరుకి బుట్టాయన సామాను సర్దుకున్నాడు. మేడమ్ గోడ దగ్గర నిలబడి, "నాదే తప్పు" అంది.

"అవును" అన్నాడు, పరుపు చుట్టకు తాడు బిగిస్తూ.

ఆ ఒక్క మాట ఆమెను వారం రోజులు తిననివ్వలేదు. తర్వాత కెమెరా పట్టుకుని అద్దాల బిల్డింగు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. అద్దాలమీది రెక్కల మరకలు తీసింది. బుట్టాయన్ని అడిగి రాసుకున్న పొట్లాల తేదీలను తన నోటుబుక్కుతో పోల్చి చూసింది. వేలు వంకర చిలుక ఆఖరుసారి జామచెట్టు మీద వాలిన మర్నాటి తేదీయే ఆ పొట్లంమీద ఉంది. అవన్నీ తీసుకుని మేనేజరు దగ్గరికి వెళ్తే, అతను ఆమెను ఎగాదిగా చూశాడు.

"మిమ్మల్ని ఎవరు పంపారు? మా బిల్డింగు ఫొటోలు మీకెందుకు?"

మేడమ్‌కు ఒళ్లు మండింది. మరుక్షణం గోడ దగ్గర నిలబడి తనను నిలదీసిన మనిషి గుర్తొచ్చి, గొంతు తగ్గించి మళ్లీ మొదటినుంచి చెప్పింది. మూడుసార్లు తిరిగాక కింది రెండంతస్తుల అద్దాలకు దగ్గరదగ్గరగా తెల్లచుక్కలు అంటించారు. అక్కడ కొట్టుకోవడం బాగా తగ్గింది. మిగతావాటి సంగతి చూద్దామన్నారు. ఆ మాట ఆమె నమ్మదు, నెలకోసారి వెళ్లి అడుగుతుంది.

పసుపుముద్ద బతికుందో లేదో తెలియలేదు, పొట్లాల్లో కూడా లేదు. రెక్క విరిగిన పిల్ల పిట్ట మాత్రం మూడు వారాలు మేడమ్ ఇంటి సామాన్ల గదిలో ఉండి, ముందు తీగదాకా, తర్వాత చెట్టుదాకా ఎగిరి, ఒక మధ్యాహ్నం వెళ్లిపోయింది.

బుట్టాయన ఇప్పుడు రెండు వీధుల అవతల ఉంటున్నాడు. గది ఇరుకు, పిట్టల్ని పెట్టుకునే చోటు లేదు. అందుకని దెబ్బతిన్నవాటిని మేడమ్ గుమ్మానికే తెస్తాడు. చెల్లెలు ప్రతిసారీ "కాఫీ తాగి వెళ్లండి" అంటుంది. ప్రతిసారీ "పనుంది" అంటాడు. గడప దాటి లోపలికి రాడు. పెట్టె మేడమ్ చేతికిచ్చి, "నాలుగో అంతస్తు. కాలు చూడండి" అని మెట్లు దిగి వెళ్లిపోతాడు.