ఒక్క ‘న’ కోసం

ఆ రోజుల్లో ఫోన్లకి ఇంకా ఇయర్‌ఫోను రంధ్రం ఉండేది. ఇప్పుడది లేదు, దాని కోసం ఎవరూ బెంగపెట్టుకున్నట్టూ లేరు. నేను మాత్రం కొత్త ఫోను కొన్న ప్రతిసారీ దాని అడుగున వేలితో తడిమి చూసుకుంటాను, పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు. వయసులో ఉన్నప్పుడు మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టాలి. నాతో చదువుకున్న కుర్రాళ్లలో కొందరికి బైకుల పిచ్చి, కొందరికి క్రికెట్టు పిచ్చి, ఇద్దరు ముగ్గురికి రాజకీయాల పిచ్చి (వాళ్లే కాస్త బాగుపడ్డారు). నాకు ఇయర్‌ఫోన్ల పిచ్చి పట్టింది. మామూలువి కాదు. చెవి లోపలికంటా దిగి, బయటి లోకానికి తలుపేసి, లోపల కచేరీ పెట్టే రకం. చూడ్డానికి రెండు జీడిపిక్కలంత ఉంటాయి. ధర చెబితే మా అమ్మ బైబిలు మీద చెయ్యి వేయించి మళ్లీ అడిగింది. “చెవిలో పువ్వు పెట్టించుకోడానికి ఇంత పొయ్యాలంట్రా? ఊరికే పెట్టేవాళ్లు ఊళ్లో బోలెడంతమంది ఉన్నారుగా” అంది.

అప్పట్లో నేను ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంటులో ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున జూనియర్ ఇంజనీర్ని. టర్బైన్ల హోరులో పక్కవాడు ఏమంటున్నాడో పెదాలు చూసి పోల్చుకోవలసిందే. పొద్దంతా చెవుల్లో నారింజ రంగు స్పాంజి బిరడాలు కుక్కుకుని పనిచేసి, సాయంత్రం బస్సెక్కగానే అవి పీకేసి ఇయర్‌ఫోన్లు దోపుకునేవాణ్ణి. జీతం కోసం ఒక జత, జీతం పెట్టి ఇంకో జత. అలసిపోయిన చెవులకి కాస్త సంగీతం కావాలని ఇంట్లో చెప్పేవాణ్ణి. అసలు కారణం వేరు. విజయవాడలో మా చర్చి క్వయరులో నేను చివరి వరసలో నిలబడి బేస్ పాడేవాణ్ణి (అంటే మిగతావాళ్లు పాట పాడుతుంటే అడుగున హూంకరించడం). ముందు వరసలో, కుడివైపు, నర్సింగు చదివే ఒక అమ్మాయి ఉండేది. పెడన వైపు వాళ్లు. చర్చి ఎదురుగా ఉన్న ఆడపిల్లల హాస్టల్లో ఉండి చదువుకునేది. ఆమె గొంతు క్వయరుకి దేవుడిచ్చిన వరమని ఆర్గన్ మాస్టారు ఎప్పుడూ అంటుండేవారు. ఆ వరం నా దాకా వచ్చేది కాదు. మా మధ్య రెండు వరసల జనం, పైగా నా పక్కన ఉరుము లాంటి గొంతున్న ఒక హెడ్ కానిస్టేబులు గారు. ఆమె జడ తెలుసు, పాటల పుస్తకం పేజీ తిప్పే చెయ్యి తెలుసు, గొంతు మాత్రం తెలియదు. ఒక్క చరణమైనా ఆ గొంతు ఒక్కటే విడిగా వినాలని ఎంత ఆశగా ఉండేదో, ఇప్పుడు రాస్తుంటే కాస్త సిగ్గుగా ఉంది గానీ, ఆ ఆశ మాత్రం అబద్ధం కాదు.

ఆ ఏడు సెమీ క్రిస్మస్‌కి పాటలన్నీ రికార్డు చెయ్యాలని నేనే ప్రతిపాదించాను, నేనే బలపరిచాను. (మా వైపు డిసెంబరు నెలంతా సెమీ క్రిస్మస్‌లే. అసలు పండగ వచ్చేసరికి ఎవరి గొంతూ మిగలదు.) స్నేహితుడి దగ్గర తెచ్చిన చిన్న రికార్డరుని స్టాండుకి బిగించి, న్యాయంగా మధ్యలో పెట్టవలసినదాన్ని కాస్త కుడికి జరిపి, అమ్మాయిల ముందు పెట్టాను. ఆ రోజు నేను పాడలేదు. వెనక మైకుసెట్టు అతని పక్కన, ఎవరికీ కనపడకుండా స్తంభం చాటున కూర్చున్నాను. ఇంటికొచ్చి ఆత్రంగా వింటే క్వయరంతా ఒకటే ముద్ద, చల్లారిన ఉప్మాలా. ఆమె అందులోనే ఎక్కడో జీడిపప్పు పలుకులా ఉంది, దొరకదు. తప్పు రికార్డరుది కాదు, నా ఇయర్‌ఫోన్లదేనని మైకుసెట్టు అతను తేల్చాడు. నా పిచ్చికి అక్కణ్ణుంచి కొమ్ములొచ్చాయి.

అలా వెతుక్కుంటూ వెళ్లి, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక జ్యూసు షాపు మేడ మీద ఆదివారం మధ్యాహ్నాలు కలిసే ఒక గుంపులో పడ్డాను. మంచి శబ్దం కోసం తపించేవాళ్లు ఊళ్లో అంతకంటే నిశ్శబ్దమైన చోటే దొరకనట్టు అక్కడెందుకు చేరతారని మీకు అనుమానం రావచ్చు. కింద లారీలు, బస్సులు, ఆటోలు కలిసి హారన్లు కొడుతుండగా కూడా పాట చక్కగా వినపడితేనే సెట్టు మంచిదని మా లెక్క. గుంపుకి పెద్ద డాక్టరు గారు. చెవి, ముక్కు, గొంతు డాక్టరు. వారమంతా పేషెంట్లని ఇయర్‌ఫోన్లు మానెయ్యమని కేకలేసి, ఆదివారం సూట్‌కేసు నిండా ఇయర్‌ఫోన్లు వేసుకుని వచ్చేవారు. ఆయన మాటకి మా గుంపులో తిరుగులేదు. ఆ తర్వాత చెప్పుకోవలసినవాడు బందరు బావ. వాళ్లది తరాలుగా చేపల వ్యాపారం. నాకు ఏ వరసా కాడు, కానీ అందరికీ బావే, అతనికీ అందరూ బావలే. పాట ఎంత విశాలంగా వినపడుతోందో డాక్టరు గారు ఇంగ్లీషులో వర్ణిస్తుంటే, బావ “చెరువెంత పెద్దదండీ?” అనేవాడు. పాటలో స, ష లు చెవిలో గుచ్చుకుంటే ముల్లు తియ్యలేదనేవాడు. గుంపులో ఒక్క గొంతు విడిగా వినపడాలంటే ఏది కొనాలని నేను అడిగినప్పుడు, దాన్ని సెపరేషన్ అంటారని, పులిహోరలో ఏ మెతుక్కి ఆ మెతుకు విడివిడిగా ఉన్నట్టని డాక్టరు గారు వివరించారు. ఎవరి గొంతు అని మాత్రం అడగలేదు. బావ అడిగాడు. చెప్పేశాను.

పండగలయ్యాక ఒక ఆదివారం డాక్టరు గారు రెండు కొత్త సెట్లు తెచ్చారు. ఒకటి వెండి రంగులో మెరిసే లోహానిది, రెండోదానికి పైన చెక్క పలక అతికించి ఉంది. అసలు పేర్లు మా ఎవరి నోరూ తిరగనివి గనక, వాటిని వెండిది, చెక్కది అనుకున్నాం. వెండిది ఉన్నది ఉన్నట్టు చెబుతుందని, చెక్కది కాస్త బెల్లం కలిపి చెబుతుందని డాక్టరు గారి తీర్పు. వెండిది నా చెవుల్లో పెట్టి, నా రికార్డింగే నొక్కారు. రెండో చరణంలో ఆమె వచ్చింది. అంతవరకు గోడలా నిలబడ్డ క్వయరు పక్కకి జరిగి దారిచ్చింది. కుడిచెవి దగ్గర, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఒక్క గొంతు. నేను ఊహించుకున్నంత తీయగా లేదు. కాస్త జీర ఉంది. పై స్థాయికి ఎక్కేముందు చిన్నగా ఊపిరి తీసుకుంటోంది, ఆ ఊపిరి కూడా వినపడింది. బత్తాయి జ్యూసు గ్లాసు పట్టుకుని నేను ఏడ్చినంత పనిచేశాను. డీటెయిల్ బాగుంది కదూ అన్నారు డాక్టరు గారు. బాగుందండీ అన్నాను.

పాట అయ్యాక పాస్టరు గారి ప్రార్థన. ఆయన ప్రార్థన మొదలుపెడితే దేశాన్నేలేవాళ్ల దగ్గర్నుంచి చర్చి మోటారు పంపు దాకా దేన్నీ వదలరు. అందరం తలలు వంచి, కళ్లు మూసుకుని ఉండవలసిన సమయం. ఆయన డెల్టా రైతుల దగ్గరికి వచ్చేసరికి, ఆ గంభీరమైన గొంతు అడుగున ఎవరో పక్కమనిషితో గుసగుసలాడారు. అదే గొంతు, అదే జీర. ఎవరో ఇవాళ రాలేదేంటని అడుగుతోంది. ఎవరు రాలేదు? ఆ ఒక్క మాట దగ్గరే పాస్టరు గారు “ప్రభువా” అన్నారు. వెనక్కి తిప్పి విన్నాను, మళ్లీ తిప్పాను. చివరికి డాక్టరు గారికి ఇచ్చాను.

“ఆయా. ‘ఆయా రాలేదేంటే ఇవాళ’ అంటోంది” అని ఆయన ఒక్క వినికిడికే తేల్చేశారు. “హాస్టలు పిల్లలు కదండీ, వెంట ఆయా వస్తుంది. ఆ రోజు రాలేదు. అంతే.”

బావ అప్పటికే చెక్కది తన చెవుల్లో పెట్టుకుని, ఫోను లాక్కుని, కళ్లు మూసుకున్నాడు. వింటున్నవాడు కాస్తా నవ్వడం మొదలుపెట్టాడు. “‘న’ ఉందండీ ఇందులో. ఆయన. ‘ఆయన రాలేదేంటే’ అంటోంది. మా బందర్లో ఆడపిల్ల ‘అతను’ అనకుండా ‘ఆయన’ అందంటే ఇక శుభలేఖలు అచ్చుకిచ్చుకోవడమే.”

ఆ రోజు క్వయరులో తన చోట లేని మగవాణ్ణి నేనొక్కణ్ణే. ఆయా అయితే అది ఒక హాస్టలు పిల్ల మాట. ఆయన అయితే, వెనక్కి ఒక్కసారైనా తిరిగి చూడని మనిషికి వెనక ఎవరు లేరో తెలుసన్నమాట. మధ్యలో ఉన్నది ఒక్క ‘న’. నేనూ రెండూ పెట్టుకుని విన్నాను. చెక్కదాంట్లో ‘న’ ఉంది. వెండిదాంట్లో లేదు. చెక్కదానికి ముక్కుతో పలికే అక్షరాల దగ్గర కాస్త లావు చేసే గుణం ఉందని, లేని ‘న’ని కూడా అది పుట్టించగలదని డాక్టరు గారు ముక్కుల డాక్టరు హోదాలో చెప్పారు.

ఆ తర్వాత నెలా రెండు నెలలు మా గుంపుకి ఇంకో పని లేదు. రబ్బరు తొడుగులు మార్చి విన్నాం, స్పాంజి తొడుగులు వేసి విన్నాం, రాగి వైరు తీసేసి వెండిపూత వైరు పెట్టి విన్నాం. ఇటువైపు కొందరు ‘ఆయా’వాదులు, అటువైపు కొందరు ‘ఆయన’వాదులు తేలారు. జ్యూసు షాపు ఓనరు కూడా ఒకరోజు పైకొచ్చి విని, ఏ పక్షానా చేరకుండా బిల్లు ఇచ్చి వెళ్లాడు. ప్రతి ఆదివారం పొద్దున చర్చిలో ఆమె నాకు నాలుగు బారల దూరంలోనే ఉండేది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం నేను బెంజ్ సర్కిల్‌లో ఆమె ఏమందో పరిశోధించేవాణ్ణి.

చివరికి బావకే విసుగొచ్చింది. “ఎందుకు బావా ఈ తంటా? ఆ అమ్మాయినే అడిగెయ్. నోరుందిగా నీకు.”

“అడిగితే ఇక అది టెస్టు ఎలా అవుతుందండీ?” అన్నారు డాక్టరు గారు.

నేను డాక్టరు గారి పక్షం వహించాను. శాస్త్రం మీద గౌరవంతో కాదు, భయంతో. అడగడానికి ధైర్యం కావాలి, ఇయర్‌ఫోను కొనడానికి వాయిదాలు చాలు. ఏది నిజం చెబుతుందో దాన్నే కొనాలని పట్టుదలగా వెండిది కొనుక్కున్నాను. దాని మాట ప్రకారం ఆయా రాలేదు. సరే, అనుకున్నాను. ఎండలు ముదిరే వేళకి ఆమె పరీక్షలు అయిపోయాయి. క్వయరు తరఫున కేకు కోసి, పాటల పుస్తకం కొత్తది బహూకరించి పంపించాం. అందరికీ చెప్పుకుంటూ నా దగ్గరికీ వచ్చి “వెళ్లొస్తానండీ” అంది. “మంచిదండీ” అన్నాను. అంత ఖరీదైన చెవులు పెట్టుకుని, నోటికి మాత్రం ఏమీ కొనుక్కోలేకపోయాను.

ఆ తర్వాత చాలా ఏళ్లు గడిచాయి. నాకు పెళ్లయింది, పొట్ట వచ్చింది, చెవుల చుట్టూ జుట్టు తెల్లబడింది. మొన్నీమధ్య ఆర్గన్ మాస్టారి అమ్మాయి పెళ్లి విందులో, బిర్యానీ వరసలో నా ముందు నిలబడ్డావిడ వెనక్కి తిరిగింది. చంకలో ఒక పిల్లవాడు. “మీరు చివరి వరసలో బేస్ పాడేవారు కదండీ” అంది. అదే జీర. ఏలూరులో నర్సుగా చేస్తోందట, వాళ్లాయనకి అక్కడే ఉద్యోగమట. క్వయరు సంగతులు, మాస్టారి మోకాళ్ల నొప్పులు, పాస్టరు గారి ప్రార్థన పొడవు, అన్నీ మాట్లాడుకున్నాం. ప్లేట్ల దాకా వచ్చేశాం. ఇక వరస విడిపోతుంది. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు, ఇన్నేళ్లకి నాకు నోరు లేచింది.

“మీ హాస్టల్లో ఆయా ఒకావిడ ఉండేది కదండీ, మీతో చర్చికి వచ్చేది. బాగున్నారా ఆవిడ?”

“ఆయానా?” అని ఆమె నవ్వేసింది. “మాకు ఆయా ఎక్కడుందండీ? రోడ్డు దాటితే చర్చి. మాకు మేమే వచ్చేవాళ్లం.”

ఆ హాస్టలు పిల్లలు ఆదివారం ఆదివారం నా కళ్లముందే రోడ్డు దాటి వచ్చేవారు. నేను చూసింది అందులో ఒక్క మనిషినే. ఆమె వెంట ఆయా వస్తోందో ఏనుగు వస్తోందో నాకెలా తెలుస్తుంది? ఎందుకడిగారండీ అందామె. ఊరికేనండీ, ఎవరో అంటేను, అన్నాను. ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. ఈలోగా పిల్లవాడు పెరుగు పచ్చడి గిన్నెలో చెయ్యి పెట్టాడు.

బందరు బావకి ఫోను చేసి చెబితే చాలాసేపు నవ్వాడు. డాక్టరు గారు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోరు. ‘న’ ఉందే అనుకుందాం, ఆ ‘ఆయన’ నువ్వేనని రుజువేమిటి, క్వయరులో లేనివాడు ఇంకెవరైనా ఆ రోజు చర్చికి రాలేదేమో అంటారు. కావచ్చు. (మా ఆవిడకి ఈ కథంతా తెలుసు. నలుగురిలో ‘మా ఆయన’ అనేటప్పుడు చివరి అక్షరం దగ్గర కావాలని కాస్త ఆగుతుంది.) ఎప్పుడైనా మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు వెండి సెట్టు తీసి ఆ రికార్డింగు పెట్టుకుంటాను. పాస్టరు గారు రైతుల కోసం ప్రార్థిస్తుంటారు, ఆమె పక్కమనిషి చెవిలో అడుగుతుంది. వెండిది ఇప్పటికీ ‘ఆయా’ అనే అంటుంది. నేను దానితో వాదించను. కాస్త నవ్వుకుని, ఆ ‘న’ నేనే కలుపుకుంటాను.